పదవికి విరమణ – సేవకు వందనం

పిల్లలూ! మన మదీనాలో పోలీసు కనిపిస్తే మీరు "షుర్తా" అంటారు. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు అదే మనిషిని మీ తాతగారు "పోలీసాయన" అంటారు. పేరు ఏదైనా, ఆ యూనిఫాం చూడగానే మనలో చాలామందికి మొదట కలిగేది కాస్త భయం, తరువాత కాస్త ధైర్యం. కానీ ఆ యూనిఫాం వేసుకున్న మనిషి ముప్పై, ముప్పై అయిదేళ్ళు పనిచేసి ఒక రోజు దాన్ని మడిచి బీరువాలో పెడతాడు. ఆ రోజు ఆయనకు మనం ఏం చెప్పాలి? దండ వేసి, శాలువా కప్పి, రెండు మంచి మాటలు చెబితే సరిపోతుందా?

ఈ సంచికలో మేము ఆ విషయమే మీతో పంచుకోవాలనుకున్నాం. ముఖ్యంగా కేంద్ర ప్రభుత్వంలో పనిచేసే పోలీసు అధికారుల గురించి, వారిలో మన తెలుగువారైన ఒక పెద్దమనిషి గురించి చెబుతాం. పెద్దలు చదివి పిల్లలకు వివరిస్తారని, పిల్లలు చదివి పెద్దలను ప్రశ్నలు అడుగుతారని మా ఆశ.

కేంద్ర పోలీసు అంటే ఎవరు?

మనం ఉంటున్న సౌదీ అరేబియాలో పోలీసు వ్యవస్థ అంతా ఒకే హోం మంత్రిత్వ శాఖ కింద ఉంటుంది. మదీనా షుర్తా అయినా, రియాద్ షుర్తా అయినా పైనున్న గొడుగు ఒకటే. భారతదేశం అలా కాదు. మన రాజ్యాంగం ప్రకారం పోలీసు వ్యవస్థ రాష్ట్రాల బాధ్యత. అందుకే తెలంగాణ పోలీసు వేరు, ఆంధ్రప్రదేశ్ పోలీసు వేరు. ఒక రాష్ట్రం పోలీసులు ఇంకో రాష్ట్రంలోకి వెళ్ళి తమంతట తాము పెత్తనం చేయలేరు.

మరి దొంగ నాలుగు రాష్ట్రాలు దాటి పారిపోతే? లంచం తీసుకున్నది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగే అయితే? దేశమంతటికీ సంబంధించిన నేరమైతే? అలాంటి పనులకు కేంద్ర సంస్థలు ఉన్నాయి. అమెరికాలో ఉన్న మన బంధువుల పిల్లలు ఎఫ్.బి.ఐ. గురించి చెబుతుంటారు కదా, అది 1908లో మొదలైన సంస్థ. మన దేశంలో దానికి దగ్గరగా ఉండేది సి.బి.ఐ. ఉగ్రవాద కేసుల కోసం, ముంబై మీద 2008 నవంబరులో జరిగిన దాడి తరువాత, ఎన్.ఐ.ఏ. అనే మరో సంస్థ ఏర్పడింది.

మీకు తెలియకుండానే మీరు ప్రతి సెలవులకూ కేంద్ర ఉద్యోగులను కలుస్తున్నారు. శంషాబాద్ విమానాశ్రయం వాకిట్లో టిక్కెట్టు, పాస్‌పోర్టు చూసి లోపలికి పంపే జవాను సి.ఐ.ఎస్.ఎఫ్. వాడు. ఆ దళం 1969లో పుట్టింది. లోపల పాస్‌పోర్టు మీద ముద్ర వేసే ఇమ్మిగ్రేషన్ విభాగం కూడా కేంద్ర హోం శాఖదే. నాన్న ఒకవైపు, మీరు ఒకవైపు బ్యాగులు లాక్కుంటూ హడావుడిగా వెళ్ళిపోతారు. ఆ జవాను మాత్రం రాత్రి రెండు గంటలకు కూడా అక్కడే నిలబడి ఉంటాడు.

సి.బి.ఐ. ఎలా పుట్టింది?

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో సైన్యానికి సామాన్ల కొనుగోలు పెద్ద ఎత్తున సాగేది. డబ్బు పారే చోట లంచమూ పారింది. దాన్ని పట్టుకోవడానికి 1941లో ఒక ప్రత్యేక పోలీసు విభాగం పెట్టారు. 1946లో దానికి ఒక చట్టం చేశారు. 1963 ఏప్రిల్ 1న దానికే సి.బి.ఐ. అని పేరు వచ్చింది. పరిశ్రమ, నిష్పాక్షికత, నిజాయితీ అన్నవి ఆ సంస్థ తనకు తాను పెట్టుకున్న మూడు నియమాలు.

ఈ మూడింటిలో కష్టమైనది ఏది? పరిశ్రమ కష్టమే, కానీ అలవాటవుతుంది. నిజాయితీ కష్టమే, కానీ మన చేతిలో ఉంది. నిష్పాక్షికత మాత్రం రోజూ పరీక్ష పెడుతుంది. నిష్పాక్షికత అంటే అధికారంలో ఉన్నవాడికి భయపడకపోవడం ఒక్కటే కాదు. ఊరంతా "వీడే దొంగ" అని అరుస్తున్నప్పుడు, సాక్ష్యం లేకపోతే "కాదు" అని చెప్పగలగడం కూడా. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు దీనితో పని ఉంది.

ఏటూరునాగారం నుంచి ఢిల్లీ దాకా

గోదావరి ఒడ్డున, అడవుల మధ్య ఏటూరునాగారం అనే ఊరు ఉంది. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది. ఆ ఊరి నుంచి వచ్చిన కె. విజయరామారావు గారు 1959లో ఐ.పి.ఎస్. అధికారి అయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నో హోదాల్లో పనిచేశారు. హైదరాబాద్ నగర పోలీసు కమిషనర్‌గా ఉన్నారు. చివరికి 1993 జూలై 31న సి.బి.ఐ. డైరెక్టర్ పదవి చేపట్టి, మూడేళ్ళు పూర్తిచేసి, 1996 జూలై 31న దిగిపోయారు. దేశంలోని పెద్ద దర్యాప్తు సంస్థకు ఒక తెలుగువాడు అధిపతి కావడం అప్పట్లో మనవాళ్ళందరికీ గర్వంగా ఉండేది.

ఆ మూడేళ్ళు సామాన్యమైన కాలం కాదు. సి.బి.ఐ. ముందున్న కేసుల్లో మూడింటిని చూద్దాం. ఒక మనిషి సేవను కొలవడం ఎంత కష్టమో ఈ మూడే చెబుతాయి. ఒక ముఖ్యమైన మాట: దర్యాప్తు ఒక్కరు చేసే పని కాదు. డైరెక్టర్ వెనుక పేరు బయటికి రాని ఇన్‌స్పెక్టర్లు, గుమాస్తాలు, డ్రైవర్లు ఎందరో ఉంటారు. కాబట్టి ఘనతా, నిందా ఒక్కరి నెత్తిన వేయకూడదు.

మొదటిది, బొంబాయి పేలుళ్ళ కేసు. 1993 మార్చి 12న ఆ నగరంలో వరుసగా బాంబులు పేలి 257 మంది చనిపోయారు. ఆ ఏడాది నవంబరులో కేసు సి.బి.ఐ. చేతికి వచ్చింది. ప్రత్యేక కోర్టు తీర్పులు చెప్పడం మొదలుపెట్టింది ఎప్పుడో తెలుసా? 2006 సెప్టెంబరులో! అంటే విజయరామారావు గారు పదవి దిగిన పదేళ్ళకు. మామిడి మొక్క నాటినవాడు పండు తింటాడని నమ్మకం లేదు. దర్యాప్తు కూడా అంతే. కాగితాలు జాగ్రత్తగా పేర్చి, సాక్ష్యాలు భద్రపరిచి వెళ్ళిపోతే, తరువాత వచ్చినవాడు దాన్ని కోర్టులో నిలబెడతాడు.

రెండోది, హవాలా కేసు. హవాలా అంటే గల్ఫ్‌లో ఉండే మనకు కొత్తగా చెప్పనక్కరలేదు. బ్యాంకు గడప తొక్కకుండా డబ్బు చేతులు మార్చే దొంగదారి. 1991లో ఒక సోదాలో కొన్ని డైరీలు దొరికాయి. వాటిలో పెద్దపెద్ద నాయకుల పేర్ల గుర్తులు, పక్కన అంకెలు ఉన్నాయి. కేసు కదలడం లేదని 1993లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. కోర్టు పర్యవేక్షణలో దర్యాప్తు సాగి, 1996 జనవరిలో వేర్వేరు పార్టీలకు చెందిన నాయకుల మీద సి.బి.ఐ. అభియోగపత్రాలు వేసింది. దేశమంతా ఉలిక్కిపడింది. అయితే 1997లో ఢిల్లీ హైకోర్టు, డైరీలో రాసుకున్న రాతలు మాత్రమే నేరానికి రుజువు కావని చెప్పింది. 1998లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే ఖాయం చేసింది. కేసు నిలవలేదు.

అయితే పడ్డ శ్రమంతా వృథా అయిందా? పూర్తిగా కాలేదు. అదే వ్యాజ్యంలో 1997 డిసెంబరు 18న సుప్రీంకోర్టు ఒక గొప్ప తీర్పు చెప్పింది. సి.బి.ఐ. డైరెక్టర్‌కు కనీసం రెండేళ్ళ పదవీకాలం ఉండాలని, ఇష్టం వచ్చినట్టు బదిలీ చేయకూడదని, సంస్థ మీద విజిలెన్స్ కమిషన్ పర్యవేక్షణ ఉండాలని ఆదేశించింది. తరువాత వచ్చిన డైరెక్టర్లందరూ ఆ నీడలోనే పనిచేశారు. ఓడిపోయిన కేసు కూడా ఒక్కోసారి వ్యవస్థకు ఏదో ఒకటి ఇచ్చి వెళుతుంది.

నిప్పు లేకుండానే పొగ వచ్చిన కథ

మూడోది మా మనసుకు బాగా దగ్గరైన కేసు. మీలో చాలామంది ఇంజనీర్లు, శాస్త్రవేత్తలు కావాలనుకుంటున్నారు కదా! అందుకే కాస్త వివరంగా చెబుతాం.

1994 చివరలో కేరళలో ఒక సంచలన వార్త వచ్చింది. మన అంతరిక్ష సంస్థ ఇస్రోకు చెందిన శాస్త్రవేత్తలు రాకెట్ రహస్యాలను పరాయి దేశానికి అమ్మేశారని ఆరోపణ. నంబి నారాయణన్ అనే శాస్త్రవేత్తను నవంబరు 30న అరెస్టు చేశారు. యాభై రోజులు నిర్బంధంలో ఉన్నారాయన. పత్రికల నిండా అవే కథలు. ఆయన్నూ ఆయన ఇంటివాళ్ళనూ దేశద్రోహులని జనం వేలెత్తి చూపించారు. "నిప్పు లేనిదే పొగ రాదు" అని మన సామెత ఒకటి ఉంది కదా, అందరూ ఆ మాటే అన్నారు.

అరెస్టు జరిగిన కొద్ది రోజులకే కేసు సి.బి.ఐ.కి వచ్చింది. అప్పటికే జనం తీర్పు చెప్పేశారు. వాళ్ళు వినాలనుకుంటున్న మాటే చెబితే చప్పట్లు కొడతారు. కానీ దర్యాప్తు అధికారులు ఒక్కొక్క ఆరోపణనూ విడివిడిగా పరిశీలించారు. అమ్మారంటున్న క్రయోజెనిక్ ఇంజన్ పరిజ్ఞానం ఆనాటికి మన దగ్గరే లేదు! లేని వస్తువును ఎవరైనా ఎలా అమ్ముతారు? 1996లో, విజయరామారావు గారు డైరెక్టర్‌గా ఉన్న కాలంలోనే, ఆరోపణలు నిజం కావని సి.బి.ఐ. కోర్టుకు నివేదిక ఇచ్చింది. ఆ ఏడాది మే నెలలో కోర్టు దాన్ని అంగీకరించి నిందితులను విడిచిపెట్టింది. మళ్ళీ దర్యాప్తు చేయిస్తామని రాష్ట్ర ప్రభుత్వం తీసుకున్న నిర్ణయాన్ని 1998లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. ఎంత నిలకడ మీదో చూడండి. 2018 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టు, ఆ అరెస్టు అనవసరమైనదని చెప్పి, నంబి నారాయణన్ గారికి యాభై లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. 2019లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. ఆయన కృషితో తయారైన వికాస్ ఇంజన్ మన రాకెట్లకు ప్రాణం లాంటిది. 2023 జూలైలో మన శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3ను మోసుకుపోయిన రాకెట్‌లో కూడా వికాస్ ఇంజన్లు ఉన్నాయి.

ఈ కథ ఎందుకు చెప్పామంటే, సన్మాన సభల్లో "ఎంతమందిని పట్టుకున్నారు, ఎంతమందికి శిక్ష వేయించారు" అనే లెక్కలు చదువుతారు. "ఎంతమంది నిర్దోషులను కాపాడారు" అని ఎవరూ లెక్క చెప్పరు. ఎందుకంటే దానికి పతకం లేదు, ఫోటో లేదు, పత్రికలో వచ్చేది చిన్న వార్త. కానీ ఒక పోలీసు చేయగలిగిన సేవల్లో ఇది అన్నిటికంటే పెద్దది. అరెస్టు చేసింది పోలీసులే, ఆరోపణ తప్పని తేల్చిందీ పోలీసులే. రెండూ గుర్తుంచుకుంటేనే మనం యూనిఫాంను సరిగా గౌరవించినట్టు. గుడ్డిగా పొగడటం గౌరవం కాదు, గుడ్డిగా తిట్టడం తెలివీ కాదు.

యూనిఫాం తీసిన తరువాత

విజయరామారావు గారు విశ్రాంతిగా కూర్చోలేదు. 1999లో హైదరాబాద్ ఖైరతాబాద్ నుంచి శాసనసభకు ఎన్నికై, రోడ్లు భవనాల శాఖ మంత్రిగా పనిచేశారు. 2016 మార్చిలో హైదరాబాద్‌లో కన్నుమూశారు.

ఇంకా వెనక్కి వెళితే మనకు మరో పెద్దాయన కనిపిస్తారు. ఆయన పేరు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి. వనపర్తి ప్రాంతంలో పుట్టి, నిజాం పాలనలో 1920 నుంచి 1934 వరకు హైదరాబాద్ కొత్వాల్‌గా ఉన్నారు. కొత్వాల్ అంటే ఈనాటి పోలీసు కమిషనర్. చదువుకోవడానికి పల్లెల నుంచి పట్నం వచ్చే పిల్లలకు నిలువ నీడ లేని రోజుల్లో, 1918లో రెడ్డి హాస్టల్ స్థాపనకు ముందు నిలిచింది ఆయనే. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారు ఆ హాస్టల్‌కు కార్యదర్శిగా పనిచేశారు. ఈ రోజు తెలంగాణ పోలీసు అకాడమీ వెంకటరామారెడ్డి గారి పేరుతోనే ఉంది. ఆయన ఎన్ని దొంగతనాలు ఆపారో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. పిల్లలకు చూపిన నీడ మాత్రం అందరికీ గుర్తుంది.

గౌరవం ఎలా జరుగుతుంది?

భారతదేశంలో ఐ.పి.ఎస్. అధికారి మామూలుగా అరవై ఏళ్ళు నిండిన నెల చివరి రోజున పదవీ విరమణ చేస్తారు. ఒకటో తారీఖున పుట్టినవారు మాత్రం ముందు నెల చివరి రోజే దిగిపోవాలి. మీ నాన్నగారు ఒకటో తారీఖున పుట్టారేమో చూడండి! అమెరికాలో ఎఫ్.బి.ఐ. ఏజెంట్లు సాధారణంగా యాభై ఏడేళ్ళకే దిగాలి.

పెద్ద అధికారులకు వీడ్కోలు కవాతు ఉంటుంది, బ్యాండు మోగుతుంది. పూలతో అలంకరించిన జీపుకు తాళ్ళు కట్టి సిబ్బందే లాగుతూ గేటు దాకా సాగనంపే ఆచారం కూడా ఉంది. రిపబ్లిక్ డే, స్వాతంత్ర్య దినోత్సవాల సందర్భంగా పతకాలు ప్రకటిస్తారు. దీర్ఘకాల విశిష్ట సేవకు రాష్ట్రపతి పతకం, మెచ్చదగిన సేవకు మరో పతకం, సాహసానికి వేరే పతకాలు ఉన్నాయి.

అసలు విరమణ దాకా చేరని వారి కోసం ఒక రోజు ఉంది. 1959 అక్టోబరు 21న లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది సి.ఆర్.పి.ఎఫ్. జవాన్లు చనిపోయారు. అందుకే ఏటా అక్టోబరు 21న పోలీసు అమరవీరుల సంస్మరణ దినం జరుపుతారు. విజయరామారావు గారు సర్వీసులో చేరిందీ 1959లోనే. ఒకే ఏడాది కొందరి సేవ మొదలైంది, కొందరి సేవ ముగిసిపోయింది. ఢిల్లీలో కట్టిన జాతీయ పోలీసు స్మారకాన్ని 2018లో అదే తేదీన దేశానికి అంకితం చేశారు.

మదీనాలో మనం ఏం చేయగలం?

ఏటా హజ్ రోజుల్లో మన రాష్ట్రాల నుంచి ప్రభుత్వోద్యోగులు హాజీలకు తోడుగా వస్తారు. ఇంతకాలం వారిని ఖాదిముల్ హుజ్జాజ్ అనేవారు, ఇప్పుడు స్టేట్ హజ్ ఇన్‌స్పెక్టర్లు అంటున్నారు. వారిలో పోలీసు ఉద్యోగులూ ఉంటారు. మస్జిదె నబవీ నుంచి హోటల్ దారి తప్పి, తెలుగు తప్ప వేరే భాష రాక కంగారుపడే మన అవ్వలకు, తాతలకు అలాంటివారి చెయ్యి ఎంత ధైర్యమో మనకు తెలుసు. ఈసారి వారు కనిపిస్తే సలాం చెప్పి, ఒక సీసా చల్లని నీళ్ళు ఇచ్చి, తెలుగులో పలకరించండి. పదవిలో ఉండగానే దక్కే గౌరవం విరమణ రోజు దండ కంటే విలువైనది.

మన నాన్నల ఉద్యోగ విరమణకు ఇక్కడ "ఫైనల్ ఎగ్జిట్" అని పేరు. వారికి బ్యాండు మోగదు, జీపు లాగరు. పాతికేళ్ళు ఎండలో పనిచేసిన మనిషి రెండు పెట్టెలు సర్దుకుని ఇల్లు చేరతాడు. అందుకే ఈ వ్యాసం పోలీసుల కోసం మాత్రమే రాయలేదు. పని ముగించుకున్న ఏ పెద్దవారినైనా ఎలా పలకరించాలో మనం నేర్చుకోవాలి. "ఎంత సంపాదించారు?" అని కాదు, "మీ వల్ల ఎవరికి మేలు జరిగింది?" అని అడగాలి. వారు మొదట నవ్వేసి ఊరుకుంటారు. రెండోసారి అడిగితే చెబుతారు.

ఇంటి పని

1. మీ బంధువుల్లో పోలీసు, సైన్యం, తపాలా, రైల్వే వంటి ఉద్యోగాల నుంచి విరమణ చేసినవారు ఉంటే వారికి తెలుగులో పది వాక్యాల ఉత్తరం రాయండి. ఫోనులో చదివి వినిపించండి.

2. వారి ఉద్యోగంలో ఎవరూ మెచ్చుకోని ఒక మంచి పని ఏమిటో అడిగి రాసుకురండి.

3. "నిప్పు లేనిదే పొగ రాదు", "నిజం నిలకడ మీద తెలుస్తుంది" అన్న రెండు సామెతల్లో ఏది ఎప్పుడు వాడాలో ఇంట్లో చర్చించండి.

కొత్త మాటలు

దర్యాప్తు: జరిగిన విషయంలో నిజానిజాలు వెతకడం.
అభియోగపత్రం: ఫలానావారు ఫలానా నేరం చేశారని పోలీసులు కోర్టుకు ఇచ్చే కాగితం.
నిర్దోషి: తప్పు చేయనివాడు.
నిష్పాక్షికత: తన, పర భేదం లేకుండా చూడటం.
పదవీ విరమణ: ఉద్యోగ బాధ్యత నుంచి దిగడం.

మీ ఉత్తరాలను సెలవుల తరువాత బడికి తీసుకురండి. బాగున్నవాటిని వచ్చే ఏడాది సంచికలో అచ్చు వేస్తాం.